టోకెన్ లేని ఎడమ చెప్పు

నేను ఒక ఎడమ కాలి చెప్పును. పుట్టింది ప్రొద్దుటూరులో. అందరి చెప్పులూ జతగా పుడతాయి, నేను మాత్రం ఒక కాలి కోసం పుట్టాను. ఓబులేసు ఎడమ కాలు కుడి కాలికంటే కురచ. చెప్పులు కుట్టే నడిపెన్న ఆ కాలిని ఒళ్లో పెట్టుకొని కొలిచి, టైరు ముక్క మీద టైరు ముక్క అంటించి నా మడమ ఎత్తు పెంచాడు; కుడి కాలికి మామూలు చెప్పే కుట్టి నాకు జత చేశాడు. నన్ను తొడుక్కున్న రోజు ఓబులేసు తను పనిచేసే బట్టల అంగడి అద్దంలో భుజాలు రెండూ సమంగా ఉండటం చూసుకొని చాలాసేపు నిలబడిపోయాడు. నాకు గర్వం పట్టుకున్నది ఆరోజే.

రోజంతా ఆయన నిలబడి చీరలు పరుస్తుంటే బరువు నేను మోశాను. పెళ్లి సంబంధాలు మాత్రం నిలబడలేదు. పెళ్లిచూపులకు వెళ్లినప్పుడల్లా నేను గడప బయటే ఆగిపోవాలి కదా. లోపల ఆయన నడక బయటపడేది. అక్క లింగమ్మ మాత్రం తప్పంతా జాతకానిదని తేల్చి, తమ్ముణ్ణి శ్రీకాళహస్తికి తీసుకొచ్చింది.

ఆ గుడి చాలా పాతదట. గాలి చొరని గర్భగుడిలో కూడా దీపం రెపరెపలాడుతుందని దర్శనం చేసుకొచ్చినవాళ్లు చెప్పుకుంటుంటే విన్నాను. చెప్పుగా పుట్టినందుకు నాకు దక్కింది గోపురం నీడే.

"రాహుకేతువుల పూజ ఎట్లాగూ చేయిస్తాండాం, ఆ చెప్పులు గూడా ఈడ్నే ఇడిసిపెట్టు. శని వదుల్తాది" అంది లింగమ్మ. "తిరిగి సూడగాకు. నావి అని గూడా అనగాకు. అంటే మళ్లా వెంటొస్తాది."

ఒక్క ప్రయాణంతో మూడు గ్రహాల పని పట్టాలని ఆమె ఆలోచన. అందులో ఒక గ్రహాన్ని నేనట.

ఓబులేసు మమ్మల్ని విప్పి గోడ పక్కన జత కలిపి సర్దాడు. పారేసే చెప్పుల్ని ఎవరైనా అలా సర్దుతారా? అందుకే నాకు ఆశ పుట్టింది. పూజయ్యాక ఆయన వట్టికాళ్లతో, ఎండకు కాలిన రాళ్ల మీద కుంటుతూ బస్టాండు వైపు వెళ్లిపోయాడు. తిరిగి చూడలేదు.

నా జతను కుక్క కరుచుకుపోయింది. నన్ను ఎత్తలేకపోయింది కాబోలు. చెప్పుల స్టాండు నడిపే మునెమ్మ నన్ను చూసి, "దీన్నెవురు ఎత్తుకోని పోతారు, పాపం. ఆయప్పే వస్తాడులే" అని కింది అరలో పెట్టింది. ఎన్నెన్ని చెప్పులో వచ్చి నా పక్కన కాసేపు కూర్చుని వెళ్లిపోతాయి. అన్నిటికీ టోకెన్ ఉంటుంది. నాకు లేదు. సాయంత్రానికి అరలన్నీ ఖాళీ అయితే భయమేసేది. ఆయన మీద బెంగ పెట్టుకున్నాను, దాచడమెందుకు?

మరుసటి ఏడు ఆయన వచ్చాడు, పెళ్లాంతో. మొక్కు తీర్చుకోవడానికట. ఆయన మెట్టు మీద కూర్చుని విప్పిన చెప్పులను ఆ అమ్మాయి చౌడేశ్వరే తెచ్చి మునెమ్మకు ఇచ్చింది. కొత్త చెప్పుకూ మడమ ఎత్తే. కానీ అది కంపెనీ సరుకు, లోపల అంచు గట్టిది. ఆయన మడమకు బ్యాండేజి కనబడింది.

దర్శనం చేసుకుని తిరిగొచ్చేసరికి జనం తోసుకుంటున్నారు. మునెమ్మ మడమ మందం చూసి, హడావిడిలో కొత్త కుడి చెప్పుతో పాటు నన్ను తీసి పెట్టింది. పెళ్లాంతో మాట్లాడుతూ ఆయన నాలో కాలు పెట్టాడు. వేళ్లు వాటి గుంటల్లోకి వాటంతటవే వెళ్లి కూర్చున్నాయి. నాలుగు అడుగులు హాయిగా నడిచాడు. ప్రాణం లేచొచ్చింది నాకు.

"అదేంది, ఆ ఎడమది మీది కాదు గదా" అంది చౌడేశ్వరి.

ఆయన కిందికి చూశాడు. ముఖం పాలిపోయింది.

"కొలిచినట్టు సరిపోయిందే. నీదేనేమో సూడు నాయనా" అంది మునెమ్మ.

ఓబులేసు పెళ్లాం వైపు చూశాడు. ఆమె చేతి కొత్త గాజుల వైపు చూశాడు. "నాది కాదమ్మా" అన్నాడు. కాలు మెల్లగా బయటికి తీసుకున్నాడు.

తర్వాత కుళాయి దగ్గరికి కుంటుకుంటూ వెళ్లి, ఆ కాలి మడమ, వేళ్ల సందులు రుద్ది రుద్ది కడుక్కున్నాడు. నేను మోసిన అన్నేళ్లలో ఆ కాలిని అంత శ్రద్ధగా ఆయన ఒక్కనాడూ కడుక్కోలేదు.