పచ్చిక మీద మడత

వీధిలో చిన్నాపెద్దా అందరూ ఆయన్ని నలగని మామయ్య అంటారు. ఆయనది లాండ్రీ. ముందుగదిలో షాపు, మధ్యగదిలో కాపురం, వెనక బట్టలు ఆరేసే పెరడు. గుడ్డ మీద మడత కనిపిస్తే ఆయనకి ముద్ద దిగదు. ఎదురింటివాళ్ల కిటికీ తెర నలిగిందని, అడిగి మరీ తెచ్చుకుని ఊరికే ఇస్త్రీ చేసి ఇచ్చిన మనిషి. ఇంతా చేస్తే, తెర నలిగిన సంగతి ఆ ఇంటావిడకే తెలియదు. ఇలాంటి మొగుణ్ణి కట్టుకున్న అత్తయ్య, ఆయన ఇస్త్రీ చేసినవన్నీ మడతపెడుతూ, మధ్యమధ్య ఆయన మీద జోకులేస్తూ, ఆ షాపుని ఇన్నేళ్లూ నవ్వులతోనే నడిపించింది. సగం గిరాకీ ఆవిడ మాటల కోసమే వస్తుందని మామయ్యకి తెలుసు. తెలిసినా ఒప్పుకోడు.

ఆ అత్తయ్యకి మోకాలి కీలు మార్చారు. ఆపరేషన్ బ్రహ్మాండంగా జరిగింది. ఇంటికొచ్చాక కొద్దిరోజులకే, చినుకులు పడుతున్నాయని దుప్పటి తీయడానికి వాకర్ పట్టుకుని పెరట్లోకి వెళ్లి, పాచి మీద కాలేసి జారిపడింది. దెబ్బేమీ తగల్లేదు గానీ భయం మాత్రం గట్టిగా తగిలింది. అప్పట్నుంచి మంచం, బాత్రూం, పెరటి కిటికీ దగ్గర కుర్చీ, ఇంతే ఆవిడ లోకం. అదీ వాకర్ ఊతంతోనే. షాపులోకి రావడం మానేసింది. మామయ్యకి షాపంతా బావురుమంటోంది.

డాక్టరు ఆయన్ని పక్కకి పిలిచి ఉన్నమాట చెప్పేశాడు. కీలు భేషుగ్గా ఉంది, వాకర్ అవసరం కూడా తీరిపోయింది, భయమే మిగిలింది. అయితే ఇప్పుడు నడవకపోతే కీలు బిగుసుకుపోతుంది. అలా బిగుసుకుంటే మళ్లీ కోసినా ఇంత చక్కగా రాదు. ఆ మాట విన్న దగ్గర్నుంచి మామయ్యకి కంటిమీద కునుకు లేదు. వీధిలో నడవమంటే, గిరాకీ చూస్తుండగా కుంటుకుంటూ నడవనని అత్తయ్య ససేమిరా అంది. ఇక మిగిలింది పెరడే. కానీ అది ఏళ్ల తరబడి దుప్పట్లు కార్చిన నీళ్లతో, సబ్బు నురగతో తడిసి తడిసి, పాచి పట్టిన బురదగుంట అయిపోయింది. అసలు గడ్డి రెండుసార్లు నాటి చూశాడు. పైన దుప్పట్ల నీడ, కింద సబ్బునీళ్లు. పాపం ఆ గడ్డి మాత్రం ఏం చేస్తుంది, పచ్చబడకుండానే పసుప్పచ్చబడి పోయింది.

అందుకని ప్లాస్టిక్ గడ్డి పరుద్దామని తేల్చుకున్నాడు. ఈ సంగతి చెబితే బావమరిది పగలబడి నవ్వాడు. అత్తయ్యకి స్వయానా తమ్ముడు, తాపీ మేస్త్రి. గేదె కూడా లేని ఇంట్లో డబ్బు పోసి గడ్డి కొంటున్నవాణ్ణి నిన్నే చూశాను బావా అన్నాడు. నవ్వినా, అక్క కోసమని తెలిసి, మర్నాడే గడ్డపార పట్టుకుని వచ్చేశాడు.

గడ్డి షాపులో మామయ్య చేసిన హడావిడి అంతా ఇంతా కాదు. బట్ట కొనేవాడు ముందు తిరగేసి చూడాలని ఆయన నియమం. కాబట్టి ప్రతి ముక్కనీ బోర్లా వేసి, అడుగు పట్టు ఎంత గట్టిగా ఉందో, నీళ్లు దిగడానికి చిల్లులున్నాయో లేదో చూశాడు. జేబురుమాలు తడిపి రుద్ది, రంగు పోతుందేమో చూశాడు. గుప్పిట్లో నలిపి వదిలి, పోచలు మళ్లీ లేచి నిలబడతాయా అని వంగి కూర్చుని చూశాడు. షాపావిడ ముందు నవ్వాపుకుంది, తరవాత ఆపుకోలేకపోయింది.

పొడుగు పోచల రకం చూడముచ్చటగా ఉంది. అది దాదాపు ఖాయం చేసేవాడే. కానీ చెప్పులు విప్పి దాని మీద ఒంటికాలి మీద నిలబడి, ఆ కాలు తనది కాదు అత్తయ్యది అనుకుని కళ్లు మూసుకున్నాడు. పాదం మెత్తగా దిగబడింది, ఒళ్లు తూలింది. వద్దన్నాడు. పొట్టిగా, ఒత్తుగా ఉన్న రకం మీద అలాగే నిలబడితే పాదం కుదురుగా నిలిచింది. అందులోనూ ఒకటే ఆకుపచ్చ కాకుండా, మధ్యమధ్య ఎండిన పోచల రంగు దారాలు కలిసినది ఎంచాడు. ఉత్త పచ్చది తీసుకెళ్తే, పెరట్లో ప్లాస్టిక్ బకెట్ బోర్లించారా అని ఇంట్లో ఆవిడ అడుగుతుందని ఆయన భయం.

షాపావిడ జాగ్రత్తలు చెప్పింది. కింద నేల చదునుగా, కాస్త వాలుగా ఉండాలి. పరిచాక పోచలు వాలిన వైపుకి ఎదురుగా చీపురుతో దువ్వుతూ ఉండాలి. మాసితే ఉత్త నీళ్లు చాలు, బ్లీచింగ్ పోయకూడదు. వేడి వస్తువులేవీ దాని మీద పెట్టకూడదు. చుట్టలో పడిన మడతలు ఉంటే ఎండలో పరిచి వదిలేస్తే, ఆ వేడికి వాటంతటవే పోతాయి. మామయ్య అన్నిటికీ తలూపాడు. వేడికి మడతలు పోతాయన్న ముక్క ఒక్కటీ ఆయన మనసులో నాటుకుంది. మిగతావి కూడా నాటుకుని ఉంటే మనకి ఈ కథ ఉండేది కాదు.

ఆరేసే తీగలు మేడ మీదకి మార్చారు. మేస్త్రి పాచి గీకి, మెత్తటి మట్టి తవ్విపోసి, కంకర పోసి దిమ్మిసతో కొట్టి, పైన ఇసుక పరిచి, కర్రతో లాగి లాగి చదును చేశాడు. నీళ్లు నిలవకుండా గోడవైపు వాలు పెట్టాడు. ఇద్దరూ కలిసి గడ్డి చుట్ట విప్పి పరిచి, అంచుల్లో మేకులు దిగ్గొట్టారు. సాయంత్రానికి పెరడు చూస్తే వేరే ఎవరిదో అన్నట్టుంది. మేస్త్రి చేతులు కడుక్కుని, అక్కా, ఇంక రావే అని పిలిచాడు.

అత్తయ్య కిటికీలోంచి చూసింది. బాగుందంది. కళ్లకి చల్లగా ఉందంది. ఇక్కణ్ణుంచి చూస్తే ఇంకా బాగుంటుందంది. లేవదు. తమ్ముడు బతిమాలాడు, మొగుడు బతిమాలాడు. చివరికి ఆవిడ పచ్చిక మధ్యలో అడ్డంగా ఉబ్బి ఉన్న మడత వైపు వేలు చూపించింది.

"ఆ మడత తట్టుకుని మళ్లీ పడితే? ముందు దాన్ని పోనివ్వండి, అప్పుడు చూద్దాం."

మడత అనే మాట మామయ్యతో అనకూడదు. అందులోనూ అత్తయ్య కాలికీ పచ్చికకీ మధ్య ఆ మడత ఒక్కటే అడ్డమని తెలిశాక, ఆయన ఎండ కోసం ఆకాశంకేసి చూడటం మొదలెట్టాడు. ఎండ రాలేదు. మబ్బులు కదలవు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. మడత అలాగే ఉంది, అత్తయ్య అలాగే కూర్చుంది. వేడే కదా కావాల్సింది, ఎండదైతేనేం ఇంకోటైతేనేం అని మామయ్యకి తోచింది. తోచిందే తడవుగా, షాపుకి సెలవు రోజున, అత్తయ్య మధ్యాహ్నం కునుకు తీస్తున్న వేళ, పెరట్లోకి వైరు లాగి ఇస్త్రీపెట్టె పెట్టాడు.

తెలివితక్కువగా ఏమీ చేయలేదు, అది మాత్రం ఒప్పుకోవాలి. సున్నితమైన బట్టకి చేసినట్టే తడిగుడ్డ పరిచి, సన్నవేడి మీద మొదలెట్టాడు. రెండు కొసల్లో మడత కాస్త అణిగింది. మధ్యలో మొండికేసింది. మొండికేసిన మడతల్ని లొంగదీయడంలో తనకి సాటి లేరని ఆయన నమ్మకం. వేడి కొంచెం పెంచాడు, చెయ్యి కొంచెం బరువుగా వేశాడు. గుప్పున వాసనొచ్చింది. ఇస్త్రీపెట్టె ఎత్తితే గుడ్డ లేచింది, గుడ్డతో పాటు గడ్డీ లేచింది. పచ్చిక నడిమధ్యన, అచ్చం ఇస్త్రీపెట్టె ఆకారంలో, పోచల్లేకుండా నున్నగా గట్టిపడిపోయిన మచ్చ. అక్కడ మడత మాత్రం లేదు.

లోపల్నుంచి అత్తయ్య, ఏంటా వాసన అని కేకేసింది. పక్కింటివాళ్లు చెత్త తగలబెడుతున్నారన్నాడు. నైలాన్ చెత్తా అని అడిగింది. ఆవిడ కూడా లాండ్రీ మనిషే, ఏ గుడ్డ కాలిందో ముక్కుతో చెప్పగలదు. మామయ్య ఆ ప్రశ్న వినిపించనట్టు గబగబా ఒక కుర్చీ తెచ్చి మచ్చ మీద వేసి, కూర్చున్నాడు.

మర్నాడు ఫెళ్లున ఎండ కాసింది. కొసల్లో మిగిలిన మడత దానంతటదే పోయింది. మామయ్యకి ఎండ మీద ఎక్కడలేని కోపం వచ్చింది.

ఇక అక్కణ్ణుంచి ఆయన కుర్చీ వదల్లేదు. కాఫీ అక్కడే, పేపరు అక్కడే, బొత్తాలు కుట్టడం అక్కడే. ఖాళీ కుర్చీ అయితే ఎవరో ఒకరు జరుపుతారని ఆయన లెక్క. ఆయన లెక్కలోకి రానివి రెండున్నాయి. ఒకటి, జన్మంతా ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడే బతికిన మనిషి, భోజనం కూడా నిలబడే కానిచ్చే మనిషి, పట్టపగలు కుర్చీలో కూర్చుంటే ఇంట్లో ఆడమనిషికి అనుమానం రాదా? రెండు, నడువు నడువు అని పొద్దస్తమానం నసపెట్టినవాడు ఒక్కసారిగా నోరు మూసుకుంటే, ఎందుకబ్బా అనుకోదా? మూడు రోజులుగా ఆవిడ కిటికీలోంచి ఆయన్నే చూస్తోంది. మామయ్య పేపరు అడ్డం పెట్టుకున్నాడు. లోపల మాత్రం కుమిలిపోతున్నాడు. మచ్చ చూస్తే, ఆ నున్నటి చోట జారతానని ఆవిడ ఇంక జన్మలో గడప దాటదు. చూడకపోయినా, తను పిలవడు కాబట్టి దాటదు. ఎటు చూసినా కాలు బిగుసుకోవడం ఖాయమని ఆయన భయం.

ఆ పూట ముందుగదిలో గంట మోగింది. గిరాకీ. మామయ్య కదల్లేదు. మళ్లీ మోగింది. అత్తయ్య కిటికీలోంచి, వెళ్లండి మరి అంది. తప్పదు కాబట్టి లేచాడు. లేచి, రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి, బుద్ధున్నవాడెవడూ అనని మాట అన్నాడు.

"ఆ కుర్చీ మాత్రం ఎవరూ జరపకండి."

ఆ ఇంట్లో ఆయన కాక ఉన్నది ఆవిడ ఒక్కతే.

గిరాకీకి బట్టలిచ్చి, చిల్లర కోసం వెతికి, వాళ్ల పెద్దాయన ఆరోగ్యం అడిగి తిరిగొచ్చేసరికి, కిటికీ దగ్గర కుర్చీ ఖాళీ. పెరటి గడప దగ్గర వాకర్ ఒక్కటే నిలబడి ఉంది. ఆవిడ పడిపోయిందనే అనుకుని మామయ్య ఒక్క ఉదుటున బయటికొచ్చాడు.

అత్తయ్య పచ్చిక నడిమధ్యన నిలబడి ఉంది. కుర్చీ పక్కకి జరిపి ఉంది. ఆవిడ నడుం మీద చేతులేసుకుని మచ్చకేసి చూస్తోంది.

"గడ్డికి ఇస్త్రీ చేశారా?"

"మడత ఉందన్నావుగా," అన్నాడు మామయ్య, నేల చూపులు చూస్తూ.

ఆవిడ భుజాలు కదిలాయి. తరవాత కడుపు పట్టుకుంది. ఆపరేషన్ అయ్యాక ఆ ఇంట్లో వినపడని నవ్వు, గోడ అవతలి వాళ్లకి కూడా వినపడేలా నవ్వింది. ఇస్త్రీపెట్టె ఆకారం చూపిస్తూ, సంతకం కూడా పెట్టేశారు కదండీ అని మళ్లీ నవ్వింది. మామయ్యకి ఏడుపొచ్చినంత పనైంది, సిగ్గుతో కాదు, సంతోషంతో.

నవ్వుతూ నవ్వుతూ ఆవిడ కళ్లు తుడుచుకుని గుమ్మం వైపు చూసింది. వాకర్ అక్కడుంది. తను ఇక్కడుంది. నవ్వు ఆగిపోయింది. చెయ్యి చాచి కుర్చీ వీపు గట్టిగా పట్టుకుంది.

"నేనిక్కడికి ఎలా వచ్చాను?"

"కోపంగా వచ్చుంటావు," అన్నాడు మామయ్య. "వాకర్ తెస్తానుండు."

"వద్దు. మీరు అది తెచ్చేలోపు నాకు భయం పూర్తిగా వచ్చేస్తుంది. ఇది ఎలా కాల్చారో చెప్పండి. మొదట్నుంచీ చెప్పండి. ఆపకుండా చెప్పండి."

ఆయన చెప్పడం మొదలెట్టాడు. వెనక్కి నడుస్తూ, ఆవిడ మొహంలోకే చూస్తూ, చేతులు చాచి, తాకకుండా. ఆవిడ కుర్చీ వదిలింది. ఒకడుగు వేసింది. తడిగుడ్డ పరిచానన్నాడు. ఏ గుడ్డ అంటూ ఇంకో అడుగేసింది. నీ తెల్ల తుండుగుడ్డ అన్నాడు. ఆవిడ తిట్టింది, ఆ తిట్టుకి రెండడుగులు పడ్డాయి. వేడి ఎంతలో పెట్టారంది. సన్నవేడే అన్నాడు. అబద్ధం, సన్నవేడికి నైలాన్ అంత కాలదని, ఆ కోపంలో ఇంకా ముందుకొచ్చింది. పొట్టి పోచల మీద ఆవిడ పాదాలు కుదురుగా పడుతున్నాయి. మామయ్య తన తప్పుల్ని ఒక్కటీ వదలకుండా, ఉన్నదానికి కాస్త కలిపి మరీ ఒప్పుకుంటున్నాడు. ఇంత ఇష్టంగా తిట్లు తిన్న మొగుడు ఇంకొకడు ఉండడు.

గడప వచ్చేసింది. తప్పులు కూడా అయిపోయాయి. అత్తయ్య తలుపు పట్టుకుని, ఊపిరి తీసుకుని, లోపలి కుర్చీ వైపు చూసింది. ఆవిడ చెయ్యి వాకర్ మీదకి వెళ్తోంది. ఒకసారి ఆ కుర్చీలో కూర్చుంటే మళ్లీ రేపంటుంది, ఎల్లుండంటుంది. మామయ్యకి అది తెలుసు. కాల్చిన ఒక్కచోటునే ఇన్నాళ్లూ దాచడానికి నానా తంటాలూ పడ్డ మనిషి, గొంతు సవరించుకున్నాడు.

"ఇంకోచోట కూడా కాలిందే."

ఆవిడ చెయ్యి ఆగింది. "ఎక్కడ?"

ఆయన పెరటి చివర, గోడ మూల చూపించాడు. అక్కడ గడ్డి షాపు నుంచి తెచ్చిన రోజున ఎలా ఉందో అలాగే ఉంది, ఒక్క పోచ కూడా కమిలి లేదు.

"మీ చేతికి ఇస్త్రీపెట్టె ఇచ్చినవాళ్లననాలి," అంటూ అత్తయ్య వెనక్కి తిరిగి, ఆ మూలకి బయల్దేరింది. మామయ్య వాకర్ ని లోపలికి జరిపి, ఆవిడ వెనకే నడిచాడు.