ఒక్క నొక్కుకు రెండు

మా మామగారికి ఈ లోకంలో కావలసింది ఒక్కటే. మ్యూజియం ఆయుధాల గదిలో, కిటికీ పక్క అద్దాల పెట్టెలో ఉన్న ఓ పాత పిస్తోలు కింద, అట్టముక్క మీద వాళ్ల నాన్న పేరు ఎక్కాలి. ఆ అట్ట మీద పదమూడేళ్లుగా "నమూనా పిస్తోలు. తయారుచేసినవారు తెలియదు" అని ఉంది. ఆ గది బాధ్యత నాది. ఆ రెండు ముక్కలూ రాసిందీ నేనే. ఇక ఇంట్లో నా పరిస్థితి మీరే ఊహించుకోండి.

"తెలియకపోతే నన్నడగాలి. నాకు తెలియదు మొర్రో అని ఎవరైనా అట్ట మీద అచ్చేయించుకుంటారా?" అనేవారు మామగారు, సరిగ్గా నేను ముద్ద నోట్లో పెట్టుకునే వేళకి. మామూలుగా నన్ను నువ్వు అనే మనిషి, కోపమొస్తే మీరు అంటారు. పదమూడేళ్లలో నాకు చాలా మర్యాద దక్కింది.

వాళ్ల నాన్న ఆయుధాల కర్మాగారంలో ఫిట్టరు. రివాల్వర్లు పాతబడిపోయాయి, తనంతట తానే ఖాళీ తూటా విసిరేసి కొత్తది ఎక్కించుకునే పిస్తోలు కావాలని సైన్యానికి కోరిక పుట్టిన రోజులవి. ఓ ఇంజనీరు కాగితం మీద గీశాడు. ఈ ఫిట్టరు ఇనుము ఆకురాయితో అరగదీసి మూడు నమూనాలు చేశాడు. పరీక్షకని చేసినవి కాబట్టి వాటి మీద అంకెలు కూడా వేయలేదు. సైన్యం మూడింటినీ పేల్చి చూసి, వద్దని తిప్పి పంపింది. ఎందుకు వద్దన్నారంటే ఆయన ఇంట్లో చెప్పిన కారణం ఇది: "ఒక్క నొక్కుకు రెండు గుళ్లు పేలేవిరా. ఆ జోరు చూసి జడుసుకున్నారు."

ఒక్కసారి నొక్కితే ఒక్కటే పేలాలి. రెండు పేలితే అది జోరు కాదు, జబ్బు. తూటాని కొట్టే సుత్తిని పట్టి ఆపే చిన్న కొక్కెం సరిగ్గా లేకపోతే సుత్తి జారి, మనం నొక్కకుండానే రెండోది పేలుతుంది. నలభై ఏళ్లు నీటిపంపుల ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసిన మా మామగారికి ఇది తట్టలేదా అంటే, తట్టలేదు. పంపులో వెంట్రుకవాసి తేడా వస్తే చేత్తో తడిమి పట్టేసే మనిషి, నాన్న చెప్పిన మాటని ఏనాడూ కొలిచి చూడలేదు.

కిందటేడు మ్యూజియంలో తుపాకులకి నూనె పూసే మనిషి మానేశాడు. మా డైరెక్టరమ్మని బతిమాలి, వారానికి రెండు రోజులు మామగారిని రప్పించాను. షరతు ఒక్కటే: తుడవాలి, నూనె పూయాలి, ఇంకేదీ చేయకూడదు. ఆయన సంతకం పెట్టారు. పక్కన నేనూ పెట్టాను. నా తెలివి అంతవరకే పనిచేసింది.

నాలుగు నెలలకి సైన్యం పాత కాగితాల గిడ్డంగి నుంచి డైరెక్టరమ్మ ఎప్పుడో అడిగిన నకలు వచ్చింది. ఆనాటి పరీక్ష నివేదిక. మొదటి రెండు నమూనాలూ కరిగించేశారట. మూడోదాని గురించి ఇలా ఉంది: "ఒక్క నొక్కుకు రెండు గుళ్లు పేలుతున్నవి. సుత్తిని పట్టు కొక్కెము అంచు ఎడమకు వాలి యున్నది. లోపము గీతలోనిది కాదు, బిగించిన పనివానిది." ఆ కింద పనివాడి పేరు. మామగారి తండ్రి పేరు, ఇంటిపేరుతో సహా.

తిట్టయితేనేం, పేరుంది కదా! మన పిస్తోలు కొక్కెం ఎడమకి వాలి ఉంటే చాలు, అట్ట మార్చేయవచ్చు. అది చూడటానికి మర్నాడే రమ్మని డైరెక్టరమ్మ బయటినుంచి ఓ నిపుణుణ్ణి పిలిచింది. కాగితం పట్టుకుని ఇంటికి పరుగెత్తాను. మా ఆవిడ ఏడ్చేసింది. మామగారు కళ్లజోడు పెట్టుకుని మూడుసార్లు చదివారు. ఆయన ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"ఎడమకి వాలి ఉందా?" అన్నారు.

"అవును మామయ్యగారూ. అదే మన సాక్ష్యం."

"ఉండేది. నేను తీసేశాను."

ఆయనే నెమ్మదిగా చెప్పారు. రెండో వారం నూనె పూస్తూ విప్పి చూశారట. కొక్కెం వంకర కనిపించిందట. "మా నాన్న చేతిపని అలా ఉండదు. తర్వాత ఎవడో దరిద్రుడు చెడగొట్టాడనుకున్నా. జేబులో సానరాయి ఉంది. నాలుగంటే నాలుగు రుద్దులు. ఇప్పుడు అద్దంలా ఉంది."

"చేతులు కట్టుకుని కూర్చోలేకపోయారా!" అని అరిచాను. పెళ్లయ్యాక ఆయన మీద నేను అరవడం అదే మొదలు.

మా ఆవిడ ఇద్దరినీ కూర్చోబెట్టింది. "నాన్నా, నీకు దణ్ణం పెడతాను, రేపు అక్కడ నోరు విప్పకు. విప్పితే ఈయన ఉద్యోగం ఊడుతుంది." ఆయన తలూపారు. ఆయన తల ఊపితే నమ్మకూడదని కూతురికైనా తెలియాల్సింది.

మర్నాడు ఉదయం ఆ నిపుణుడొచ్చాడు. ఆయనకి నేను పెట్టుకున్న పేరు భూతద్దం. పిస్తోలు విప్పి, కొక్కెం దీపం కింద పెట్టి పావుగంట చూశాడు. డైరెక్టరమ్మ, నేను నిలబడ్డాం. మామగారు మూల కుర్చీలో చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నారు.

"ఇది అది కాదు," అన్నాడు భూతద్దం. "అది పనికిమాలిన పని. ఇది ఆరితేరిన చెయ్యి. ఇంత బాగా చేసినవాడికి ఆ నివేదికలోని పనివాడితో ఏ సంబంధమూ ఉండదు."

మామగారు లేచారు. నేను కళ్లతో ఎంత సైగ చేసినా నావైపు చూస్తేగా.

"సంబంధం ఉంది బాబూ. ఆ పనివాడి కొడుకుని. నేనే సాపు చేశాను. అంతకుముందు ఎడమకే వాలి ఉండేది."

నా ఉద్యోగం కిటికీలోంచి వెళ్లిపోవడం నాకు స్పష్టంగా కనిపించింది.

భూతద్దం జాలిగానే అన్నాడు, "ఎడమకని నివేదికలో ఉంది కదండీ. అది చదివినవాళ్లెవరైనా ఆ మాట చెప్పగలరు. వాలు మీరు తీశారని నమ్ముతాను, రాయి గీతలు కొత్తవి. అది ఎటు ఉండేదో మాత్రం ఇక ఎవరూ చెప్పలేరు."

అంటే పాడుచేసినట్టు రుజువైంది, పిస్తోలు ఎవరు చేసినదో రుజువు కాలేదు. అట్ట అలాగే ఉంటుంది. తండ్రి తప్పుని కొడుకు దిద్దాడు, దిద్ది తండ్రినే చెరిపేశాడు. నాకు మామగారి మీద కోపం ఎటు పోయిందో తెలియదు. వెళ్లి పక్కన నిలబడ్డాను.

డైరెక్టరమ్మ చెడ్డమనిషి కాదు, కానీ పద్ధతి మనిషి. నాకు ఓ మెమో, ఆయనకి ఇకమీదట రావద్దని ఓ మాట ఇచ్చి, బల్ల సొరుగులోంచి ఫారం తీసింది. ప్రదర్శన వస్తువుకి నష్టం కలిగించినవారి వాంగ్మూలం. "ఇది నింపాలండీ. తప్పదు."

మామగారు ఫారం పైనుంచి కిందికి చదువుకున్నారు. ఓచోట వేలు ఆగింది.

"ఈ కాగితం ఎన్నాళ్లు ఉంచుతారమ్మా?"

"పిస్తోలు ఉన్నన్నాళ్లూ. దాని ఫైల్లోనే ఉంటుంది. ఎవరు పరిశోధనకొచ్చినా ముందు ఇదే ఇస్తాం."

ఆయన కుర్చీ బల్ల దగ్గరికి జరుపుకున్నారు. నా పెన్ను అడిగారు. తన పేరు గొలుసుకట్టుగా గీకేశారు. దాని కింద "తండ్రి పేరు" అని ఓ గడి. ఆ గడిలో మాత్రం, కొలబద్ద పెట్టి కొలిచినట్టు, ఒక్కో అక్షరమే నిలబెట్టి రాశారు. ఇంటిపేరు పొట్టి చేయలేదు. రాసింది ఆరేదాకా ఊదారు. డైరెక్టరమ్మ తల తిప్పుకుని కిటికీ వైపు చూసింది.

"వృత్తి అని ఉందమ్మా," అన్నారు కళ్లజోడు తుడుచుకుంటూ. "ఇక్కడ ఎవరిది రాయను? నాదా, మా నాన్నదా?"

"మీదే."

"ఎవరిదైనా ఒకటేలే," అని ఫిట్టరు అని రాశారు.