గ్రే గడిలో రాడ్ అంకె

పైపుల అతుకులకు ఫొటోలు తీసే ఆ గుంపులో ఆమెను అందరూ వదిన అనే పిలుస్తారు. నిజానికి ఆమె వదిన అయ్యేది ఒక్కడికే, భర్త తమ్ముడికి. వాడు పిలవగా పిలవగా షెడ్డంతా అదే పిలుపు పట్టుకుంది.

పని చెప్పుకోవడానికి తేలిక. సీసపు పెట్టెలో రేడియేషన్ గుళిక ఉంటుంది, దాన్నే సోర్సు అంటారు. కేబుల్ తిప్పితే అది బయటికొచ్చి పైపు మీద కూర్చుంటుంది, అవతల కట్టిన ఫిల్ము మీద అతుకులో ఉన్న పగుళ్లు కనబడతాయి. అది బయట ఉన్నంతసేపూ మనిషి గోడ వెనక ఉండాలి. కేబుల్ మొరాయిస్తే మాత్రం ఎవడో ఒకడు వెళ్లి కదిలించాలి. ఆ ఎవడో ఒకడు చాలాసార్లు మరిదే. ఒంట్లో భయం అనే సరుకు వాడికి పుట్టుకతోనే ఇవ్వలేదు.

ప్రతివాడి జేబుకీ పెన్నులాంటి మీటరు ఉంటుంది. వెలుతురుకేసి పెట్టి చూస్తే ఒళ్లు ఎంత తిన్నదో మిల్లీరాడ్‌లలో చెబుతుంది. షిఫ్టు దిగేటప్పుడు ఆ అంకె గుమాస్తాకి చెప్పి పోవాలి. ఆయన వెయ్యితో భాగించి, రాడ్‌లు చేసి, రాసుకుంటాడు. ఎనిమిదేళ్లుగా అదే చెయ్యి, అదే రాత.

ఈ ఏడాది మొదట్లో కొత్త ఫారాల రిజిస్టరు వచ్చింది. గడి మీద రాడ్ పోయి కొత్త కొలత, మిల్లీగ్రే, అచ్చయింది. కింద లావు అక్షరాల్లో ఇంకో మాట: ఏడాదికి ఇరవై మిల్లీగ్రే దాటినవాడు సోర్సు దగ్గరికి పోకూడదు. గుమాస్తా ఆ మాట చదివాడు, సంతకం పెట్టాడు, మళ్లీ వెయ్యితో భాగించడం మొదలుపెట్టాడు. గడి పేరు మారింది గానీ ఆయన చెయ్యి మారలేదు.

వదినకు అనుమానం వచ్చింది మరిది అరచేతులు కమలడం వల్లనో నీరసం వల్లనో కాదు. వాడు ఎద్దులా ఉన్నాడు. అంకె వల్ల వచ్చింది. ఆరు నెలల్లో సోర్సు దగ్గరికి అన్నిసార్లు పోయినవాడి పేరు ఎదురుగా మొత్తం రెండు పాయింట్ మూడు. ఇంత తక్కువేమిటి?

ఆమె చదువు ఏడో తరగతితో ఆగింది. మిగతాది పెట్టెల మీద అంటించిన కాగితాలు చదివి నేర్చుకుంది. ఫారంతో పాటు వచ్చిన కొత్త మీటర్లు రెండు బీరువాలో చుట్టాల్లా కూర్చుని ఉన్నాయి. బ్యాటరీ చూస్తానని ఒకటి అడిగి తీసుకుని, పాత పెన్ను పక్కనే ఒకే జేబులో పెట్టుకుని షిఫ్టంతా పనిచేసింది. దిగేసరికి పెన్ను నలభై మిల్లీరాడ్ అంది. కొత్తది సున్నా పాయింట్ నాలుగు మిల్లీగ్రే అంది. అంటే వంద మిల్లీరాడ్‌లకి ఒక మిల్లీగ్రే. రిజిస్టరులో చూస్తే ఆ రోజుకి ఆమె పేరు ఎదురుగా సున్నా పాయింట్ సున్నా నాలుగు.

ఒక రాడ్ అంటే పది మిల్లీగ్రే. గుమాస్తా రాడ్ అంకె తెచ్చి గ్రే గడిలో కూర్చోబెట్టాడు. మరిది తిన్నది రెండు పాయింట్ మూడు కాదు, ఇరవై మూడు.

మర్నాడు పొద్దున ఇంజనీరు కేబుల్ మొరాయించే మూల అతుకులకు మరిదినే పంపబోతుంటే వదిన సోర్సు పెట్టె తాళంచెవి బొడ్లో దోపుకుని ఆఫీసులోకి వచ్చింది. తాళం ఆమె పూచీ. ఆమె ఇవ్వనిదే పెట్టె తెరుచుకోదు. రెండు మీటర్లూ బల్ల మీద పెట్టి జరిగింది చెప్పింది. గుమాస్తా ముందు ఆమె లెక్కని నవ్వులాటగా కొట్టిపారేశాడు, తర్వాత కాగితం మీద తానే వేసి చూసుకుని నవ్వడం మానేశాడు. ఇంజనీరుకు పైపు సాయంత్రానికి కావాలి. మరిదిని ఈ రోజుకి ఇంటికి పంపేద్దాం, మిగతావాళ్లు పని కానిస్తారు, పుస్తకం సంగతి తీరిగ్గా చూద్దాం అని బేరం పెట్టాడు.

మరిదికి అదీ నచ్చలేదు.

"నాకేం నొప్పి లేదు వదినా. ఎందుకీ రాద్ధాంతం?"

"నీకు నొప్పి తెలిసే తెలివుంటే ఈ మీటరెందుకురా? నోరు మూసుకుని కూర్చో."

షెడ్డు గుమ్మం దగ్గర నవ్వులు వినిపించాయి. మిగతావాళ్లు అప్పటికే అక్కడ పోగయ్యారు. ఆమె ఇంజనీరు వైపు తిరిగింది.

"వీడొక్కడిదే తప్పు రాసి మిగతా ముప్ఫైమందిది ఒప్పు రాశాడా సార్ ఈయన? అందర్నీ ఒకే చేత్తో భాగించాడు. ఎవరు దాటారో తెలియకుండా ఎవర్ని పంపుతారు?"

"సాయంత్రానికి పైపు ఇవ్వకపోతే నా ఉద్యోగం పోతుందమ్మా."

"పైపు ఆగుతుంది సార్. దానికి ఒళ్లు లేదు."

తాళంచెవి ఇవ్వకపోతే ఆమెను పనిలోంచి తీసేస్తానన్నాడు. తీసెయ్యమంది. తీసేశాక కొత్త మనిషికి తాళం అప్పగించే కాగితం మీద తన సంతకం కావాలనీ, ఆ సంతకం కూడా పుస్తకం దిద్దాకే పెడతాననీ చెప్పింది. ఆయన గుమ్మం వైపు చూశాడు. వెనక్కి కదిలినవాడు ఒక్కడూ లేడు. చూసి చూసి కుర్చీలో కూలబడ్డాడు.

గుమాస్తా నెమ్మదిగా ఎర్రసిరా పెన్ను తీశాడు.

"మొదటి పేజీ నుంచా?"

"మొదటి పేజీ నుంచే. నువ్వు పేరూ అంకే చదువు. నేను పదితో గుణించి చెప్తా. నువ్వు దిద్దు. అందరికీ వినపడేలా చదువు."

మొదటి పేజీలో ఇరవై దాటినవాళ్లు ఇద్దరు తేలారు. రెండో పేజీలో మరిది. వాడు తన అంకె విని జేబులోని పెన్ను మీటరు తీసి బల్ల మీద పెట్టాడు. మూడో పేజీ సగంలో ముసలి ఫిట్టరు పేరు చదివి, మూడు పాయింట్ ఒకటి అని, గుమాస్తా చదవడం ఆపి గుమ్మం వైపు చూశాడు. గుమ్మం దగ్గర ఫిట్టరు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ముప్ఫై ఒకటి," అంది వదిన. "రాయి. చదవడం ఆపకు."