మూల మనిషి

ఆర్లీథా మడతబల్లల కాళ్ళు విప్పి నిలబెట్టి, బ్లీచింగ్ నీళ్ళలో గుడ్డ ముంచి పిండి, ఈ కొస నుంచి ఆ కొసకు ఒకే ఊపున తుడుచుకుంటూ వస్తోంది. బడి వంటశాలలో ఇన్నేళ్ళుగా తుడిచిన తుడుపే. శనివారమైనా ఆ చేతికి సెలవు తెలియదు. చర్చి ఆవరణలో ఇంకా ఎండ పడలేదు గాని, కార్లు నిలిపే నల్లటి తారు నేల నిన్నటి వేడిని వదల్లేదు. బూటు అట్టల్లోంచి అరికాళ్ళకు తెలుస్తోంది. నది వైపు నుంచి రావలసిన గాలి దారిలో ఎక్కడో ఆగిపోయినట్టుంది. ఆకు కదలడం లేదు.

మళ్ళీ గుడ్డ పిండబోతే ఎడమచేతి వేళ్ళు సరిగా ముడుచుకోలేదు. పరాయి మనిషి వేళ్ళను చూసినట్టు వాటివంక ఒక క్షణం చూసి, గుడ్డను కుడిచేతిలోకి మార్చుకుంది.

అరవై దాటిన మనిషి. పొడవూ కాదు, పొట్టీ కాదు. వంటశాలలో తలకు వల కట్టీ కట్టీ నుదుటి మీద పడిన సన్నని గాడి, వల కట్టని రోజున కూడా పోదు. ముంజేతుల మీద ఓవెన్ అంచులు తగిలి కాలిన మచ్చలు వరసగా ఉంటాయి. ఊళ్ళో ఏ పెళ్ళిలోనైనా, ఏ చావులోనైనా ఆమె నిలబడే కనిపిస్తుంది. కూర్చుని తింటుండగా చూసినవాళ్ళు తక్కువ. “ముందు మీరు కానివ్వండి” అన్నది ఆమె ఊతమాట. భర్త లీరాయ్‌ని పూడ్చి వచ్చిన రోజున కూడా ఇంటికొచ్చినవాళ్ళందరికీ ఆమే వడ్డించింది.

జిల్లా ఆసుపత్రి మూతపడ్డాక ఏటా ఎండాకాలంలో ఒక శనివారం చర్చివాళ్ళు ఈ ఆరోగ్య మేళా పెడుతున్నారు. ఒక బల్ల దగ్గర బీపీ చూస్తారు, ఒకదాని దగ్గర షుగర్, ఇంకోదాని దగ్గర కళ్ళు. పరీక్షలంటే మాత్రం ఎవరూ గడప దాటరు. డాన్సు ఉందంటే వస్తారు. అందుకే పోస్టరు మీద డాన్సును పెద్ద అక్షరాల్లో వేసి, బీపీని కింద చిన్న అక్షరాల్లో వేస్తారు.

ఆమె గౌను జేబులో, కాగితపు రుమాలులో చుట్టిన మాత్ర ఒకటి ఉంది. ఒంట్లో నీరు లాగేసే మాత్ర. వేసుకుంటే మాటిమాటికీ బాత్రూముకు పరుగెత్తాలి. అందుకని ఆదివారం ప్రార్థన ఉన్నా, డాన్సు ఉన్నా ఆమె దాన్ని వేసుకోదు. ఆమే కాదు, ఆ చర్చిలో ఆడవాళ్ళు సగం మంది అంతే. ఇంటికెళ్ళాక వేసుకుందాంలే అనుకుంటారు. మొన్న డాన్సు రిహార్సలని వేసుకోలేదు. నిన్న ఎవరిదో దినం భోజనాలకు వడ్డించాలని వేసుకోలేదు. ఇవాళ సంగతి సరే.

చర్చి వెనక నూనె కాగుతున్న వాసన వచ్చింది. మిస్ జ్యువెల్ పెద్ద బాణలి పెట్టి, చేప ముక్కలను మొక్కజొన్న పిండిలో దొర్లించి వేయిస్తోంది. మోకాలు ఆపరేషనైంది గనక ఈసారి ఎత్తు కుర్చీలో కూర్చునే వేయిస్తోంది.

“ఆర్లీథా! ఆ ఉప్పు లేని ఆకుకూర నువ్వేనా వండింది?”

“మేళా వాళ్ళు అట్లాగే వండమన్నారు మరి.”

“నోట్లో పెట్టుకున్నా. ఇది తిని నూరేళ్ళు బతికేకంటే నా చేప తిని రేపు పోవడం నయం.”

“మెల్లగా అను. టాల్బర్ట్ గారు వింటారు.”

అంత్యక్రియలు జరిపించే టాల్బర్ట్ గారు కూడా మేళాలో ఏటా ఒక బల్ల వేస్తారు. అంత ఎండలోనూ నల్ల కోటు విప్పరు. వచ్చినవాళ్ళకల్లా అట్ట విసనకర్రలు ఉచితంగా పంచుతారు. ఒకవైపు గొర్రెపిల్లను ఎత్తుకున్న ఏసు ప్రభువు, రెండోవైపు టాల్బర్ట్ గారి ఫోన్ నంబరు.

“పరీక్షలు చేయించుకోండమ్మా, చేయించుకోండి. నాకేం తొందర లేదు,” అన్నారాయన విసనకర్ర అందిస్తూ.

“ఆ మనిషి చూపు చూశావూ? మేకను చూసే కసాయి చూపు,” అంది మిస్ జ్యువెల్. తర్వాత గొంతు తగ్గించి, “నీకు తోక ముక్క తీసిపెట్టనా? కరకరలాడేది?” అని అడిగింది.

“తీసిపెట్టు. నాది ఎట్లాగూ ఆఖరే కదా.”

చెల్లెలు డెల్ఫీన్ వచ్చేసరికి ఎండ తారు మీదికి ఎక్కింది. రోడ్డు అంచున కారు దిగి, తలుపు పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. షుగర్ వల్ల కుడికాలి వేళ్ళు రెండు తీసేశాక డెల్ఫీన్ ఇల్లు కదలడం ఇదే మొదలు. నడవమని డాక్టరు చెప్పాడు, అక్క బతిమాలింది, పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేసి వెళ్ళారు. ఆమె మాత్రం కిటికీ పరదా వేసుకుని టీవీ ముందు కూర్చుంది. కూర్చున్నకొద్దీ రెండో కాలు కూడా నల్లబడుతోంది. తల్లి పోయేనాటికి డెల్ఫీన్ చిన్నపిల్ల. తల దువ్వి, జడలల్లి, బడికి పంపింది ఆర్లీథాయే. తల్లి ఆఖరి రోజుల్లో ఇట్లాగే కుర్చీలో కూర్చుంది. మళ్ళీ లేవలేదు. ఇవాళ చెల్లెలు ఇక్కడ నాలుగడుగులు వేస్తే రేపు వీధిలో వేస్తుంది. వెయ్యకపోతే ఆ కుర్చీయే గతి. ఆర్లీథాకు ఇంతకంటే పెద్ద లెక్కలు తెలియవు.

“వచ్చావా! నా బంగారం!”

“వచ్చాను గాని అక్కా, ముందే చెప్తున్నా. డాన్సులో నువ్వు నీ మూల వదిలి అటూ ఇటూ పోయావంటే నేను ఇంటికి పోతా. నలుగురిలో పడితే సిగ్గుతో చస్తా.”

“పడితే నేనూ పక్కన పడతాలే. ఇద్దరం దొర్లుకుంటూ పోదాం ఇంటికి.”

“ఛీ, నీ వేళాకోళం తగలెయ్య!” అంది డెల్ఫీన్. నవ్వు మాత్రం రాలేదు. అక్క మోచెయ్యి పట్టుకుని, బూటు వంక చూసుకుంటూ నడిచింది. ఆ పట్టుకున్నది ఎడమ మోచెయ్యి. పట్టు బిగుస్తున్న సంగతి ఆర్లీథాకు ఎక్కడో దూరంగా తెలిసింది.

ఆ డాన్సులో అందరూ వరసలు కట్టి ఒకే అడుగు వేస్తారు. కాసేపయ్యాక వరసలన్నీ ఒక్కసారిగా పక్కవైపుకు తిరుగుతాయి. ముందున్నవాళ్ళు పక్కకు పోతారు, పక్కనున్నవాళ్ళు ముందుకొస్తారు. అందుకని నాలుగు మూలలా అడుగులు బాగా వచ్చినవాళ్ళను నిలబెట్టి, కొత్తవాళ్ళను నడుమ పెడతారు. ఎటు తిరిగినా కళ్ళముందు దారి చూపే మనిషి ఉండాలి. మూల మనిషి పాట నడుమ కదలకూడదు. నిరుటి వరకు ఒక మూల మిస్ జ్యువెల్‌ది. ఆమె లోటు పూడ్చడానికే మనిషి దొరక్క ఒక పిల్లను వెతికి తెచ్చారు. ఆర్లీథా మూలకు బదులు మనిషి లేదు.

ఆమె సుద్దముక్కతో తారు మీద తన మూల గుర్తు గీసుకుని లేవబోయింది. నేల ఒక పక్కకు ఒరిగింది. పక్కనున్న కుర్చీ అందుకుని అందులో కూలబడింది. అది బీపీ చూసే బల్ల దగ్గరి కుర్చీ.

“మిస్ ఆర్లీథా, ఎట్లాగూ కూర్చున్నారుగా, చెయ్యి ఇటివ్వండి,” అంది నర్సు రేనెట్. పట్నం నుంచి వచ్చిన పిల్ల, పాతికేళ్ళుంటాయి. పట్టీ చుట్టింది. మిషను గుర్రుమని ఆగింది. రేనెట్ పట్టీ విప్పి రెండో చేతికి చుట్టింది. మళ్ళీ గుర్రుమంది.

“పైది రెండొందలు దాటి ఎక్కడో ఉంది.”

“నీ మిషను పాతదైపోయినట్టుంది తల్లీ.”

“మిషను కొత్తదే. దవడ లాగుతోందా? ఎడమచెయ్యి ఎట్లా ఉంది?”

“పొద్దుటినుంచి బల్లలు మోసిన చెయ్యి. లాగక ఏం చేస్తుంది?”

రేనెట్ ఆమె ముందుకు వంగి, ఎవరికీ వినపడకుండా, “ఇది గుండెకు సంబంధించింది అనిపిస్తోంది మిస్ ఆర్లీథా. నేను భయపెట్టడం లేదు. ఈ ఆస్పిరిన్ నమలండి. నా కారులో ఇప్పుడే పోదాం రండి,” అంది.

ఆర్లీథా మాత్ర నమిలింది. చేదుగా ఉంది. వరసల నడుమ డెల్ఫీన్ చేతులు రెండూ కడుపు మీద పెట్టుకుని, తప్పిపోయిన పిల్లలా నిలబడి ఇటే చూస్తోంది.

“ఈ ఒక్క పాట. అది అయ్యాక నువ్వెక్కడికి రమ్మంటే అక్కడికి వస్తా. ఒట్టు.”

“పాటదాకా ఆగే పని కాదిది! నేను అంబులెన్స్ పిలుస్తున్నా.”

“పిలువు తల్లీ. అది పక్క జిల్లా నుంచి రావాలి. వచ్చేసరికి పాట అయిపోతుంది.”

రేనెట్ ఫోన్ చెవిన పెట్టుకుని, ఊరి పేరు రెండుసార్లు చెప్పి, చర్చి దారి వివరించి తలెత్తేసరికి కుర్చీ ఖాళీగా ఉంది.

“ఎంతొచ్చిందక్కా?” అని అడిగింది డెల్ఫీన్.

“నీకంటే తక్కువే. ఇటు చూడు. నా మడమల మీదే ఉండాలి నీ కళ్ళు.”

చర్చి పెద్దల్లో ఒకడైన డీకన్ హోలిస్ మైకు అందుకున్నాడు. మరీ సన్నటి మనిషి, గొంతు మాత్రం లారీ హారను. “కొత్తవాళ్ళు వినండి! బుర్రలు కార్లలో వదిలేసి రండి. ఇక్కడ వాటితో పని లేదు. మూల మనిషి ఏం చేస్తే అదే చెయ్యండి. మూల తుమ్మితే మీరూ తుమ్మండి!”

అందరూ గొల్లుమన్నారు. ఆ నవ్వుకు కారణముంది. నిరుడు ఇదే పాట నడుస్తుండగా ఒక కందిరీగ ఆర్లీథా చెవి దగ్గర చేరింది. ఆమె చెయ్యెత్తి రెండుసార్లు విదిలించింది. వెనక వరసలన్నీ అదేదో కొత్త అడుగనుకుని చెవుల దగ్గర చేతులు విదిలించాయి. ఆ రోజునుంచీ ఆ పాటలో అక్కడికి రాగానే అందరూ చెయ్యి విదిలిస్తారు. దానికి కందిరీగ అడుగు అని పేరు కూడా పెట్టేశారు.

పాట మొదలైంది. కుడికి, కుడికి, తట్టు. ఎడమకు, ఎడమకు, తట్టు. తారు నేల మీద అంతమంది కాళ్ళు ఒక్కసారి పడుతుంటే మడతబల్లల మీద నీళ్ళ సీసాలు సన్నగా వణికాయి. వరసలు చర్చి వైపు నుంచి నదివైపు తిరిగాయి. ఆర్లీథా మెడ తిప్పి చూసింది. డెల్ఫీన్ పెదవి కొరుక్కుంటూ, సగం అడుగు ఆలస్యంగా, అయినా వేస్తోంది. కుంటికాలు ఈడ్చడం లేదు, ఎత్తుతోంది.

“అదీ! అట్లా! అచ్చం అమ్మ నడకే నీది,” అని కేకేసింది ఆర్లీథా. ఆ కేకతో ఊపిరి మొత్తం బయటికి పోయింది. తిరిగి లోపలికి రావడానికి చోటు చాలలేదు.

కందిరీగ అడుగు వచ్చింది. చేతులన్నీ చెవుల దగ్గర విదిలించుకున్నాయి. వెనక ఎవరో ఆడమనిషి పెద్దగా, గలగలా నవ్వింది. ఆ నవ్వు ఎవరిదో పోల్చుకోవడానికి ఆర్లీథాకు కొంచెం సేపు పట్టింది. విని చాలా కాలమైంది. అది డెల్ఫీన్‌ది.

బల్లల పక్కనుంచి రేనెట్ పరుగులాంటి నడకతో వస్తోంది. చేతులు ఊపుతోంది. మైకు మోతలో ఆమె మాట ఎవరికీ వినపడలేదు.

“తిరగండి!” అన్నాడు హోలిస్.

వరసలు సమాధుల దొడ్డివైపు తిరిగాయి. ఈవైపుకు ముందు మూల ఆర్లీథాది. ఇప్పుడు ఆమె ముందు ఎవరూ లేరు. ఇనప కంచె, అవతల ఎండిన గడ్డి, లీరాయ్ రాయి, దాని పక్కన ఖాళీ జాగా. ఎండ ఆ రాళ్ళ మీద తెల్లగా, చప్పుడు లేకుండా కాస్తోంది. కుడికి, కుడికి. రొమ్ము నడుమ ఎవరో మోకాలు ఆనించి కూర్చున్నట్టయింది. చెయ్యి దానంతటదే అక్కడికి పోయి గుడ్డను గుప్పిటపట్టింది. కాళ్ళు సుద్ద గుర్తు దాటలేదు. ఒక మోకాలు వంగి మెల్లగా నేలకు ఆనింది. తర్వాత తల వాలింది.

వెనక వరసలన్నీ రొమ్ముల మీద చేతులు పెట్టుకున్నాయి. మోకాళ్ళు వంచాయి. కీళ్ళనొప్పుల ముసలివాళ్ళు వంగగలిగినంత వంగారు. తలలు వాల్చారు.

“అదిగో, కొత్త అడుగు! మా ఆర్లీథా కొత్త అడుగు!” అని మైకులో మురిసిపోయాడు హోలిస్.

డెల్ఫీన్ కూడా వంగింది. పడిపోకుండా, ఎవరినీ పట్టుకోకుండా వంగింది. నవ్వు ఇంకా ముఖం మీదే ఉంది. రొమ్ము మీద చెయ్యి అట్లాగే ఉంచుకుని, అక్క ఎప్పుడు లేస్తుందా అని ఆ వీపునే చూస్తోంది. అందరూ చూస్తున్నారు. పాట తన దారిన తాను పోతోంది. ఒక తట్టు, ఇంకో తట్టు, వేసే కాలు లేకుండా గడిచిపోయాయి. మోకాళ్ళు వణుకుతున్నా ఎవరూ లేవలేదు. మూల మనిషి లేవలేదు మరి.

చూస్తున్నవాళ్ళలో అందరికంటే ముందు కదిలినవారు టాల్బర్ట్ గారు. ఆయన చేతిలోని విసనకర్రలను బల్లమీద పెట్టి, తలమీది టోపీ తీశారు. అప్పటికి రేనెట్ వరసలను తోసుకుంటూ వచ్చి ఆర్లీథాను వెల్లకిలా తిప్పి రొమ్ము మీద రెండు చేతులతో అదుముతోంది. “పాట ఆపండి! ఎవరైనా ఆ పాట ఆపండి!” అని అరుస్తోంది.

ఆపారు. అదుముతూనే ఉంది. చేతులు పడిపోతే హోలిస్ అందుకున్నాడు. అంబులెన్స్ చప్పుడు ముందు నదికి అవతల వినిపించింది, తర్వాత వంతెన మీద, చాలాసేపటికి ఆవరణలో. దిగినవాళ్ళు పరుగెత్తుకొచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, కాసేపటికి తొందర మానేశారు.

డెల్ఫీన్ కోసం ఎవరో కుర్చీ తెచ్చి వేశారు.

“కూర్చో బిడ్డా, కూర్చో,” అంది మిస్ జ్యువెల్.

“వద్దు.”

“కాలు నొప్పి చేస్తుంది.”

“వద్దన్నానుగా, మిస్ జ్యువెల్. కూర్చోను.” అంబులెన్స్ తలుపులు మూసుకుని, కదిలి, రోడ్డెక్కేదాకా డెల్ఫీన్ సుద్ద గుర్తు పక్కన రెండు కాళ్ళ మీదా నిలబడే ఉంది. ఆ తర్వాత దాని వెనక వెళ్ళడానికి కారుదాకా తనే నడిచింది.

జనం బల్లలు మడిచారు. ఉప్పు లేని కూర ఎవరూ ముట్టుకోలేదు. చేపలు కూడా ఎవరూ అడగలేదు. చర్చి వెనక నూనె బాణలి కింద మంట ఆరిపోయింది. పక్కనున్న బల్ల మీద, వెండిరంగు రేకు చుట్టిన పళ్ళెం ఒకటి ఉండిపోయింది. రేకు మీద అంటించిన టేపు ముక్కపై మిస్ జ్యువెల్ రాతలో ఆర్లీథా పేరు ఉంది. తోక ముక్క ఆవిరికి రేకు అంచున చెమట బొట్లు పట్టి ఉన్నాయి. తాకితే పళ్ళెం ఇంకా వెచ్చగానే ఉంది.