సగం మెట్లు

హలో, వినపడుతోందా అందరికీ? అక్కలూ, చెల్లెళ్లూ, తమ్ముళ్లూ, కాస్త పొయ్యి తగ్గించి ఓ ఐదు నిమిషాలు నాతో ఉండండి. హైదరాబాదు కొత్తగూడ అంటే ఇప్పుడు మీకు ఫ్లైఓవరూ, అపార్ట్‌మెంట్లూ కళ్లముందుకొస్తాయి. నేను చెప్పేది అక్కడ బండరాళ్లూ, జొన్నచేలూ తప్ప మరేమీ లేని డెబ్బైల నాటి సంగతి. రుక్కమ్మ అనే ఇల్లాలి సంగతి.

ఆ శుక్రవారం పొద్దున రుక్కమ్మ గడపకు పసుపు రాస్తోంది. జానెడు ఎత్తు టేకు గడప, అత్త భాగ్యమ్మ పట్టుబట్టి చేయించుకున్నది. లోపలి నుంచి గరగరమంటూ బండి చప్పుడు. ఏడేళ్ల కూతురు బాలమణి. రెండేళ్లప్పుడు పోలియో జ్వరమొచ్చి రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. లారీ షెడ్డులో పనిచేసే మేనమామ ఎల్లేశం పాత బేరింగులు తెచ్చి, చెక్కకు బిగించి బండి చేసిచ్చాడు. దాని మీద కూర్చుని, చేతులతో నేలను నెట్టుకుంటూ పిల్ల గాలిలా తిరుగుతుంది. ఎక్కడిదాకా? గడపదాకా. అక్కడ దిగాలి, గడపెక్కి కూర్చోవాలి, అవతలికి జారాలి, వెనక్కి తిరిగి బండిని లాక్కోవాలి.

"గడప మీద కూసుంటే ఇంటికి దరిద్రం పడ్తదని ఎన్నిసార్లు చెప్పాలెనే? తల్లికే బుద్ధి లేదు, పిల్లకెక్కడికెల్లి వస్తది!" అంది భాగ్యమ్మ మంచం మీంచి.

పిల్ల లంగాకు తడి పసుపు అంటింది. రుక్కమ్మ లేచి పిల్లను ఎత్తి అవతల దింపింది. నడుములో కలుక్కుమంది. ఈ ఇంట్లో తప్పు ఎప్పుడూ గడపది కాదు అనుకుంది. పిల్లది, పిల్లది కాకపోతే కన్నదానిది. జ్వరమొచ్చిన రోజు దవాఖానకు భుజాన వేసుకుని పరుగెత్తింది తనే కాబట్టి, కాళ్లు పడిపోవడానికీ తనే కారణం. "సూది ఏపిచ్చినవు, గందుకే గిట్లయింది" అని ఐదేళ్లుగా వింటోంది. ఎత్తుకునేది తను, తిట్లు తినేది తను. వంగి గడపకు బొట్టు పెట్టేదీ తనే. ఆ గడప ఒక్కరోజైనా తన బిడ్డకు దారి ఇచ్చిందా?

పిల్లకు బడి ఒక్కటే ఆధారం. పాత బడి రేకుల షెడ్డు. వాన పడితే కారేది, ఎండకు ఉడికేది. కానీ దాని నేల వీధితో సమానం. బాలమణి తన బండి మీద తనే వెళ్లేది, తనే వచ్చేది. రుక్కమ్మ చేతులు రోజు మొత్తంలో ఖాళీగా ఉండేది ఆ కాసేపే.

అలాంటి ఊరికి పక్కా బడి మంజూరైంది. మేస్త్రి ఎవరనుకున్నారు? రుక్కమ్మ మొగుడు లింగమూర్తే. పునాది ఎత్తుగా లేపాడు. ఆ పునాదిలోకి మొరం మట్టి తట్టలు మోసిన ఆడవాళ్లలో రుక్కమ్మ కూడా ఉంది. మిగతావాళ్లకు కూలి, ఆమెకు లేదు. "మేస్త్రి పెండ్లానికి కైకిలి ఏందే, నగుతరు" అన్నాడు. మోసింది. ఒక మధ్యాహ్నం తట్ట దింపి అడిగింది కూడా.

"ఒక్క పక్కన జారుడు పెట్టరాదా? పిల్ల బండి ఎక్కుతది."

లింగమూర్తి తాపీ ఆపి కూలీల వైపు తిరిగాడు. "ఇన్నరా? గిది బడి అనుకుంటుందా, బండ్లెక్కిచ్చే గుట్ట అనుకుంటుందా?"

అందరూ నవ్వారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని రుక్కమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వే ఆమెను తర్వాత కాల్చుకు తింది. తన బిడ్డ మీద వేసిన జోకుకు తను నవ్వింది! తను మోసిన ప్రతి తట్టా ఆ గుమ్మాన్ని బిడ్డకు అందకుండా ఇంకొంచెం పైకి లేపింది. నవ్వుతూ మోసింది.

షాబాదు బండలతో తళతళలాడే మెట్లు లేచాయి. తెరిచే పండగ కాకముందే పిల్లల్ని కొత్త బడిలోకి మార్చారు. పంతులు వెంకటనారాయణ సారు మంచివాడే. "ఎత్తుకొచ్చి కూసోబెట్టు రుక్కమ్మా, నేనేమన్న వద్దంటనా?" అన్నాడు. వద్దనలేదు నిజమే. పొద్దున ఎత్తుకురా, ఒంటికి వస్తే ఎత్తుకుపో, మళ్లీ ఎత్తుకురా, సాయంత్రం ఎత్తుకుపో. నడుం పట్టేసి దవాఖానకు పోతే, బరువులెత్తితే మంచాన పడతావన్నాడు డాక్టరు. ఆ మాట లింగమూర్తికి చెప్పింది.

"తల్లివి గాదా, ఎత్తుకుంటె ఏమైతది?"

"తండ్రివి నువ్వెత్తుకో."

"నలుగుర్ల నాకు ఇజ్జత్ ఉండదా? అయినా ఐతారం సమితి ప్రెసిడెంటు వస్తడు బడి తెరువనీకి. ఆ దినం పిల్లను ఇంట్లనే ఉంచు. ఎన్క నుంచి గూడ బడి అంటే పరేషానే. ఇంట్ల ఉండి బియ్యం ఏరుతది, చాలు."

బియ్యం ఏరుతది! ఎక్కాలు పాటలా పాడే పిల్ల, ఇక మిగతా బతుకంతా చేట ముందు కూర్చుని రాళ్లు ఏరాలి. ఎందుకు? కాళ్లు లేకనా? నిన్నటిదాకా ఆ కాళ్లతోనే కదా బడికి పోయింది! మారింది కాళ్లు కాదు, బడి.

ఆదివారం తెల్లవారుతుండగా రుక్కమ్మ తట్ట తీసుకుని బడికి పోయింది. వెనక మిగిలిన మొరం కుప్ప నుంచి నింపుకుని, మెట్ల మీద ఒక పక్కగా కుమ్మరించింది. నడుం కలుక్కుమంటోంది. అయినా ఇదే ఆఖరి మోత అనుకుంది. కాసేపటికి తోటి కూలీ సత్తెమ్మ తట్ట పట్టుకుని వచ్చింది, వెనక మరో ఇద్దరు.

"పోయి కూసో వదినె, మేం మోస్తం. ఆ దినం మేం గూడ నగినం గద" అంది సత్తెమ్మ తల దించుకుని.

నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టి కొట్టి గట్టి చేశారు. ఎండెక్కేసరికి మెట్లలో సగం వాలుబాట అయింది.

లింగమూర్తి తెల్ల ధోవతి కట్టుకుని వచ్చి చూసి కొయ్యబారిపోయాడు.

"నా మెట్లు ఖరాబ్ జేస్తివి గదనే!"

"నీ సగం నీకుంది. ప్రెసిడెంటుకు చూపెట్టుకో. ఈ సగం నా బిడ్డది."

"నన్ను అడగాల్సింది!"

"అడిగిన. నగినవు."

వాలును తవ్విపోయడానికి పార పట్టుకున్నాడు. అప్పుడే చెరువు కట్ట మీద ప్రెసిడెంటు జీపు హారన్ మోగింది. ఊరి జనం చేరారు. ఆ జనంలోంచి భాగ్యమ్మ మోకాళ్లు పట్టుకుంటూ వచ్చింది. తళతళలాడే మెట్లను చూసింది, వాలుబాటను చూసింది. గోడకు చేయి ఆనించి వాలు మీద నడిచి పైకెక్కింది.

"అమ్మా, నువ్వు గూడనా!" అన్నాడు లింగమూర్తి.

"నా మోకాళ్లు నీకేం ఎరుకరా!" అంది పైనుంచి.

ఆమె వెనకే గరగరమని చప్పుడు. బాలమణి చేతులు నేలకు తన్నిపెట్టి, పళ్ల బిగువున బండిని నెట్టుకుంటూ ఎక్కుతోంది. సగంలో ఆగింది. రుక్కమ్మ చేతులు ముందుకు లేచాయి. గట్టిగా వెనక్కి కట్టుకుంది. పిల్ల ఊపిరి తీసుకుంది. మళ్లీ నెట్టింది. ఎక్కింది.

లింగమూర్తి చేతిలో పార అలాగే ఉంది. రుక్కమ్మ దగ్గరికొచ్చి నెమ్మదిగా అంది: "నేను ఎత్తుకున్నన్ని దినాలు నీకు మెట్లు కనపడలె. ఇగ ఎత్తుకోను."

మళ్లీ శుక్రవారం వచ్చింది. బడి దగ్గర వాలుబాట అలాగే నిలిచింది. పసుపు గిన్నె తెచ్చి రుక్కమ్మ గడప ముందు కూర్చుంది. కానీ గడపకు రాయలేదు. కూతురి బండికి రాసి, నాలుగు బేరింగుల మీదా బొట్లు పెట్టింది. భాగ్యమ్మ మంచం మీంచి తొంగిచూసింది. మూల నుంచి గడ్డపార తెచ్చి మొగుడి ముందు పెట్టింది రుక్కమ్మ.

"ఇగ మన గడప. నువ్వు తీస్తవా, నేను తియ్యాల్నా?"

అంతేనండీ. ఫోను పెట్టేసేముందు ఒక్క మాట. ఇప్పుడు అదే దారిలో ఇన్ని అద్దాల మేడలు లేచాయి కదా, ఫుట్‌పాత్ మీద ఒక్క చక్రాల కుర్చీ నాలుగడుగులు పోగలదేమో చూడండి. ఈ కథను మీ అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టండి. ర్యాంపుకు అడ్డంగా బైకు పెట్టే పెద్దమనిషి ప్రతిచోటా ఒకడుంటాడు, ముందు వాడికి పంపండి.