తొమ్మిదో నంబర్ ఇంటి కుక్క

ఏడాదికి రెండుసార్లు ప్రెస్టన్‌లో జనం పాత సామానంతా తెచ్చి ఇంటి ముందు గడ్డి మీద పెడతారు. మునిసిపాలిటీ లారీ వచ్చేలోగా ఎవరికి నచ్చింది వాళ్ళు పట్టుకుపోవచ్చు. గడ్డి మీద పెట్టాక తిరిగి అడగడం నామోషీ. ఈ విషయంలో గ్లెనిస్ మరీ మొండిమనిషి. కిందటేడు ఎదురింటి కెల్విన్ పొరపాటున బయటపెట్టిన స్టాండు లైటును తెచ్చేసుకుంది. అతను ఎంత బతిమాలినా ఇవ్వలేదు.

ఈసారి అదే ఇంటి ముందు, చక్రం ఊడిన కుర్చీ పక్కన అట్టపెట్టెలో ఒక పల్చటి పుస్తకం దొరికింది. 'మా వీధిలో కుక్కలు: కొత్త పోస్ట్‌మన్‌కు సూచనలు.' రాసింది కెల్విన్ తండ్రి వెర్నన్, ఒకప్పటి పోస్ట్‌మన్. సొంత డబ్బుతో అచ్చు వేయించుకున్నట్టున్నాడు. పేజీకో కుక్క. ఏది ఊరికే మొరుగుతుంది, ఏది నిజంగా కరుస్తుంది, ఏది బిస్కెట్‌కు లొంగుతుంది. అరవై ఎనిమిదేళ్ళ గ్లెనిస్ అక్కడే నిలబడి నవ్వుకుంటూ తిరగేసింది.

ముప్పై ఒకటో పేజీలో ఆ నవ్వు ఆగిపోయింది.

'టాఫీ. తొమ్మిదో నంబర్ ఇల్లు. 1966లో నన్ను కరిచింది. ఫిర్యాదు చేశాను. సూది వేయించి చంపేశారు. పారిపోయిందని పాపకు చెప్పారు. పాప రెండు నెలలు వీధులన్నీ తిరిగి వెతికింది. నేను చూస్తూనే ఉన్నాను.'

ఆ పాప గ్లెనిస్. దాదాపు అరవై ఏళ్ళు ఎదురింట్లోనే ఉండి, రోజూ పలకరిస్తూ, ఆ మనిషి ఒక్క మాట చెప్పలేదు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. తర్వాత చాలాసేపు ఏడ్చింది.

సాయంత్రం కెల్విన్ వచ్చి గుమ్మంలో నసిగాడు.

"గ్లెనిస్ గారూ, మీ పద్ధతి నాకు తెలుసు. కానీ పెట్టెలు తారుమారయ్యాయండీ. అది వృద్ధాశ్రమంలో నాన్నకి పంపాల్సిన పెట్టె. ఆ పుస్తకం మీరు తీసుకెళ్ళడం పక్కింటావిడ చూసిందట. మిగిలింది ఆ ఒక్క కాపీయే."

"లైటు పోయినా బుద్ధి రాలేదన్నమాట."

"ఏం చేస్తాం, రాలేదు. నాన్న రోజూ అడుగుతున్నాడండీ."

గ్లెనిస్ పుస్తకాన్ని గుండెకి హత్తుకుంది.

"నీకివ్వను. రేపు నేనే పట్టుకెళ్తా. ముప్పై ఒకటో పేజీ ఆయన నాకు పైకి చదివి వినిపించాలి."

"ఆయనకి చూపు పూర్తిగా పోయింది కదండీ! ఊరికే ఒళ్ళో పెట్టుకోడానికి అడుగుతున్నాడంతే."

"ఆ పేజీకి కళ్ళక్కర్లేదులే," అంది గ్లెనిస్.