మా అవ్వకు వచ్చిన ఒకే ఒక్క ఇంగ్లీషు మాట

గ్లాసుల్లో చాయ్ పోస్తుంటే హాల్లోంచి మా ఆయన శాంతి కుమార్ కేకేశాడు.

"లిడియా, చాయ్ పెట్టినవా?"

"ఆల్రెడీ," అన్నాను. అన్నాక నాకే నవ్వొచ్చింది. అది మా అవ్వ మాట. అమ్మను అవ్వ అనీ, నాన్నను బాపు అనీ పిలిచేదాన్ని.

పొద్దున స్కూల్లో ఏడో తరగతికి ఇంగ్లీషు పాఠంలో ఆ మాటే చెప్పాను. మనం అనుకున్నదానికంటే ముందే అయిపోయిన పనికి వాడతారని. పిల్లలు వాక్యాలు రాస్తుంటే నేను మనసులో చిన్నప్పటి బోధన్‌కు, మా చక్కెర ఫ్యాక్టరీ క్వార్టర్‌కు వెళ్లిపోయాను. ఫ్యాక్టరీ సైరన్ మోగగానే బాపు షిఫ్టు దిగి, చెరుకుపాకం వాసన కొట్టే అంగీతోనే కూర్చుని నాకు ఇంగ్లీషు చెప్పేవాడు. అవ్వ రొట్టెలు కొడుతూ వినేది. బడి మొహం చూడని మా అవ్వ నర్సవ్వకు ఆ ఒక్క మాట పట్టుబడింది. స్నానానికి నీళ్లేవంటే "ఆల్రెడీ." చర్చికి తెల్లంగి ఉతికినవా అంటే "ఆల్రెడీ." బాపు పడీపడీ నవ్వేవాడు. "సూసినవా బిడ్డా, మీ అవ్వ దొరసాని అయింది." ఆ సైరన్, ఆ వాసన, ఆ నవ్వు ఇప్పుడు ఎక్కడ వెతికినా దొరకవు. తలచుకుంటే ప్రాణం లేచొస్తుంది.

అయితే ఆ నవ్వుల్లో పడి ఒక సంగతి నేనూ గమనించలేదు. సైరన్ కంటే ముందే లేచి అవ్వ బోరింగు దగ్గర నీళ్లు కొట్టేది. అడగకముందే అయిపోయిన పని ఎవరి కంటికి ఆనుతుంది? నిజామాబాద్‌లో పద్దెనిమిదేళ్ల నా కాపురమూ అంతే. "మా కోడలికేం పని, అన్నీ వాటంతటవే అయితయి," అని మా అత్తమ్మ చుట్టాలందరికీ చెబుతుంది. వినీవినీ ఒళ్లు మండిపోయింది నాకు.

చాయ్ అందుకుంటూ ఆయన అన్నాడు, "మీ స్కూల్ల హైదరాబాద్ ట్రైనింగ్ అంటున్నరట. నెల దినాలు నువ్వు పోతే ఇల్లెవరు సూస్తరు? పేరు ఇయ్యకు."

పేర్లకు ఈ సాయంత్రమే ఆఖరు. అది చేస్తేనే హెడ్‌మిస్ట్రెస్ పోస్టు. పన్నెండేళ్లుగా ఎదురుచూస్తున్నాను. పొద్దున్నించీ ఆయన్ని ఎలా అడగాలా అనే నా ఆలోచన.

"పేరు ఆల్రెడీ ఇచ్చిన," అన్నాను.

ఆయన చాయ్ తాగడం ఆపి నా వైపు చూశాడు. నేను వంటింట్లోకి వచ్చి, తడి చేతులు కొంగుకు తుడుచుకుని, ట్రైనింగ్‌కు నా పేరు రాసుకోమని స్కూల్ ఆఫీసుకు మెసేజ్ పెట్టాను.

మా అవ్వ పని అయ్యాకే ఆ మాట అనేది. నేను ముందే అనేశాను.